రెండు క్రెడిట్ల చేప

ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంత ప్రజలకు తెలియజేయడమేమనగా, గంట అంటే అరవై నిమిషాలని ఇంతకాలం నమ్ముతూ వచ్చినవారు తమ నమ్మకాన్ని వెంటనే సవరించుకోగలరు. కామారెడ్డిలో మా మనుమరాలు సింధూజ చదివిన కాలేజీలో గంట అంటే యాభై నిమిషాలు. అది కూడా కూర్చుని వింటేనే. లేచి చేతులతో ఏదైనా పని చేస్తే రెండు గంటలు కలిసి ఒక గంట అవుతుంది. ఎండలో, బురదలో తిరిగి నేర్చుకుంటే ఆ గంట ఇంకా చిక్కిపోతుంది. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టర్ పొడుగునా కదలకుండా కూర్చున్నవారికి ఒక క్రెడిట్ దక్కుతుంది. అలాంటివి కావలసినన్ని పోగైతే దాన్ని డిగ్రీ అంటారు.

ఈ పద్ధతి వినగానే నాకు తెగ నచ్చింది. ఎందుకంటే నేను ఎల్లారెడ్డి పక్కన మా ఊరి బడిలో నాలుగో తరగతి మూడేళ్ళు చదివినవాణ్ణి. అప్పట్లో మనుషులు మోటువాళ్ళు కనుక దాన్ని ఫెయిలవడం అన్నారు. ఇప్పటి లెక్కలో చూస్తే ఆ గదిలో మా పంతులు కంటే నేనే ఎక్కువ గంటలు కూర్చున్నాను. దేశం కాస్త ముందుగా కళ్ళు తెరిచి ఉంటే నన్ను ఈపాటికి డాక్టర్ పర్శరాములు అనేవారు.

సింధూజ విషయానికి వస్తాను. ఆ పిల్ల డిగ్రీలో అన్నీ పాసైంది. కానీ రెండు క్రెడిట్లు తక్కువ పడ్డాయి. కారణం ఎల్లారెడ్డి బస్సు. అది పొద్దున బయలుదేరి లింగంపేటలో ఒకసారి, తాడ్వాయిలో ఒకసారి ఊపిరి తీసుకుని కామారెడ్డి చేరేసరికి మొదటి గంట సగమై ఉంటుంది. గంట మధ్యలో లోపలికి రానివ్వరు. పిల్ల వరండాలో కిటికీ పక్కన నిలబడి పాఠం వినేది. నిలబడి విన్నది వినడం కిందికి రాదు. ఆ సబ్జెక్టు పరీక్షలో క్లాసుకంతటికీ ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి. మాచారెడ్డి బీరయ్య కొడుకు సిద్దార్థ అదే గంటలో వెనక బెంచీ మీద సెమిస్టర్ అంతా నిద్రపోయాడు. హాస్టల్లో లేచి నేరుగా వచ్చి పడుకునేవాడు కనుక ఒక్క గంట కూడా పోలేదు. అతనికి క్రెడిట్లు పడ్డాయి. ఆమెకు పడలేదు.

పోతే పోనీ అనుకోవడానికి లేదు. సింధూజకు బీఎడ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్లు చూసే రోజు నాటికి డిగ్రీ చేతిలో ఉండాలి. లేకుంటే సీటు పోతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లకు పంతులమ్మ కావాలని ఒక్కటే కోరిక. చిన్నప్పుడు నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఎక్కాలు అడిగేది. నేను తప్పు చెబితే కట్టెతో ఒకటి వేసేది. తప్పును తప్పు అనకుండా ఉండలేని జబ్బు ఆమెకు అప్పటి నుంచే ఉంది. దాని మందు ఎక్కడ దొరుకుతుందో అప్పటికి మాకు తెలియదు.

నేను తెల్ల ధోతి కట్టుకుని పిల్లను వెంటబెట్టుకుని కామారెడ్డి వెళ్ళాను. మమ్మల్ని అరుణ్‌కుమార్ సారు గదికి పంపారు. ఆయన క్రెడిట్ల సమన్వయకర్త. చదువు చెప్పడం ఆయన పని కాదు. చెప్పిన చదువు ఎన్ని నిమిషాలు పట్టిందో చూడటం ఆయన పని. చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. నాకు తెలిసిన న్యాయం నేను చెప్పాను.

"సార్, మా దిక్కు నాటు గుత్తకిస్తం. మడి నిండినంక ఆడోళ్ళు కాళ్ళు గడుక్కొని ఇంటికి పోతరు. ఎంత సేపు నాటిండ్రని ఎవ్వలడుగరు. మా పిల్లకు పాఠం ఒచ్చింది. మడి నిండింది. ఇంకా ఎందుకు నిలవెట్టిండ్రు?"

"తాతా, చదువు గుత్త పని కాదు, రోజు కూలి," అన్నాడాయన. "పని అయిపోయినా పొద్దుగూకే దాకా ఉండాల్సిందే."

"పని కాకపోతే?"

"పొద్దుగూకే దాకా ఉంటే చాలు."

ఇంత తేటగా విద్యను గురించి నాకెవరూ చెప్పలేదు. చేతులు జోడించాను. ఆయన కూడా కరిగి ఒక దారి చూపించాడు. కాలేజీకి కొత్తగా 'స్థానిక జ్ఞాన సంపద' అని రెండు క్రెడిట్ల కోర్సు మంజూరైంది. సెలవుల్లో ముప్పై గంటలు కూర్చుని, చివర ఒక పరీక్ష రాస్తే చాలు. కానీ చెప్పే మనిషి దొరకడం లేదు. మనిషికి అరవై దాటి ఉండాలి, గ్రామీణుడై ఉండాలి, చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండకూడదు, మాట్లాడితే ఆగకూడదు. ఈ అర్హతలన్నీ ఒక్క మనిషిలో కనిపించేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. బయట వరండాలోకి తీసుకెళ్ళి నా ఫొటో దింపుకున్నాడు. విషయం 'వరి నాటు: సంప్రదాయ విజ్ఞానం' అని అక్కడికక్కడే ఖాయమైంది. మా సింధూజ ఏదో చెప్పబోయింది. ఆమె కాలు తొక్కాను.

ఇంటికి వచ్చి మా భూమక్కకు ఈ శుభవార్త చెప్పాను. భూమక్క నా భార్య. నాట్లలో నడుం వంచిందంటే చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె పక్కన నిలిచే ఆడమనిషి లేదు. నేను ఒడ్డు మీద కూర్చుని సలహాలిచ్చేవాణ్ణి.

"నువ్వు మడిల దిగింది నేనైతే సూడలే," అంది భూమక్క. "నువ్వేం నేర్పుతవ్?"

దిగితే అది ప్రాక్టికల్ అవుతుందనీ, విలువ సగానికి పడిపోతుందనీ, ఒడ్డు మీద కూర్చుని చెప్పినదానికే పూర్తి విలువనీ వివరించాను.

"ముప్పై గంటలు నీ మాటలు ఇన్నోళ్ళకు డిగ్రీ ఇస్తరా?" అందామె. "నేను పెండ్లైనకాడికెల్లి ఇంటున్న. నన్ను ఆ కాలేజీకి పెద్ద సారును చెయ్యాలె గదా."

ఈ దరఖాస్తును తగిన చోటికి పంపుతానని హామీ ఇచ్చాను.

మా గొడ్ల కొట్టం ముందర రేకుల పందిరి కింద కోర్సు మొదలైంది. ఎక్కడెక్కడి క్రెడిట్ల కరువువాళ్ళూ వచ్చారు. దోమకొండ నుంచి, మాచారెడ్డి నుంచి, కామారెడ్డి గల్లీల నుంచి ఆటోల మీద దిగారు. బీరయ్య కొడుకు సిద్దార్థ కూడా వచ్చాడు. మధ్యాహ్నం గంటల్లో నిద్ర సరిగా పట్టక క్లాసులు మానేశాడట. అలా అతనికీ రెండు తక్కువ పడ్డాయి. నిమిషాలు చూసుకోవడానికి రోజూ వచ్చే అరుణ్‌కుమార్ సారు గంటకొకసారి ఫోను పైకెత్తి అందరి ముఖాలూ పడేలా ఫొటో దించితే హాజరు దానంతట అదే పడిపోయేది. మొదటి రోజు మా బర్రె కూడా తల తిప్పి చూసింది. దానికీ హాజరు పడింది. ఆ తర్వాత అది ఒక్క గంట కూడా మానలేదు. దాని ఆధార్ నంబర్ పంపమని కాలేజీ నుంచి నాకు రెండుసార్లు ఫోన్ వచ్చింది.

మా కొట్టం పక్కనే మడి. అందులో భూమక్క గుంపు నాటు వేస్తున్నది. ఇద్దరు ముగ్గురు పిల్లలకు దిగి చూడాలని బుద్ధి పుట్టింది. అరుణ్‌కుమార్ సారు పరుగున వచ్చి, బురదలో కాలు పెడితే గంట సగం అవుతుందని హెచ్చరించాడు. వాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. అందరూ మడికి వీపు పెట్టి కూర్చుని, వరి నాటు ఎలా వేస్తారో నా నోట విన్నారు.

నాకు వరి గురించి తెలిసిందంతా మొదటి రోజు ఛాయ్ రాకముందే అయిపోయింది. నారు పోస్తారు, మడిని బురదగా దున్ని కరిగెట చేస్తారు, నాటుతారు, నీళ్ళు కడతారు. మళ్ళీ ఒకసారి చెప్పాను. కొంచెం నెమ్మదిగా మూడోసారి చెప్పాను. ఇంకా కొండంత కాలం నా ముందు నోరు తెరుచుకుని కూర్చుంది. అప్పుడు నేను ఏం చేయాలో అదే చేశాను. నిజాంసాగర్ చేపను తీశాను.

ఈ చేప మా ఊళ్ళో ప్రసిద్ధం. కట్ట కట్టిన కొత్తలో మంజీరలోంచి ఒక వాలుగ కాలువలో పడి బాన్సువాడ దాకా వచ్చి ఇరుక్కుంది. తోక ఇంకా నిజాంసాగర్‌లోనే ఉంది. ఇంజనీర్లు కాలువను గీత గీసినట్టు తిన్నగా తవ్వించారు. చేప ఒక పక్కకు ఒత్తిగిలింది. కాలువ వంగింది. ఇప్పటికీ ఆ వంకర అలాగే ఉంది. వాలుగకు పొలుసులుండవని తెలిసినవాళ్ళంటారు. దీనికి ఉన్నాయి. ఆ పొలుసులు ఊడదీసి బళ్ళ మీద తెచ్చి మా ఊరి బడికి కప్పు వేశారు. దాని కింద చదువుకోబట్టే నాకు ఏ చదువూ అంటుకోలేదు, అంతా జారిపోయింది.

పిల్లలు మొదటిసారి నిటారుగా కూర్చున్నారు. సిద్దార్థ నిద్ర లేచాడు. నాకు అంతకు మించిన పొగడ్త లేదు, పొగడ్త మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది కదా. కాలువ ఎన్ని మూరలు వంగిందో చెప్పాను. చేప కళ్ళు దీపాల్లా వెలిగితే బోధన్ దాకా రైతులు ఆ వెలుగులో నీళ్ళు కట్టుకున్నారని చెప్పాను. మిగతా గంటలన్నీ చేపే నడిపించింది. అరుణ్‌కుమార్ సారు అంతా ఫోన్లో రికార్డు చేసుకుని, స్థానిక జ్ఞానం ఇంత లోతుగా ఉంటుందనుకోలేదని అన్నాడు.

సింధూజ పొద్దున్నే అవ్వతో పాటు మడిలో దిగి నాటు వేసి, కాళ్ళు కడుక్కుని వచ్చి, ముందు వరసలో తల దించుకుని కూర్చునేది. ఒకనాడు సాయంత్రం నన్ను పక్కకు పిలిచింది.

"తాతా, గా చేప పరీక్షల ఒస్తది."

"చేప ఏడ వస్తది బిడ్డా? సదువుకున్నోళ్ళు అడుగుతరా గసోంటివి?"

అడిగారు. ప్రశ్నపత్రం నా గంటల ప్రకారమే తయారైంది. ఎక్కువ గంటలు తీసుకున్న అంశానికి ఎక్కువ మార్కులు అన్నది నియమం. వరి నాటు మీద ఒక చిన్న ప్రశ్న, అది కూడా ఇష్టమైతే రాయవచ్చు. తప్పక రాయవలసిన పెద్ద ప్రశ్న ఇది: 'నిజాంసాగర్ మహామత్స్యము వలన కాలువ మార్గము మారిన విధమును వివరింపుము.' అందరూ వివరించారు. సిద్దార్థ బొమ్మ కూడా గీశాడట.

మా పిల్ల మాత్రం ఇలా రాసింది: 'ఇది మా తాత చెప్పిన అబద్ధం. భూమి వాలును బట్టి కాలువను వంకరగానే తవ్వుతారు. చేప లేదు.'

పాఠ్యాంశంతో సంబంధం లేని జవాబు అని సున్నా వేశారు.

అబద్ధాలు చెప్పడంలో నాకు మంచి అనుభవముంది. కానీ నా అబద్ధం వెళ్ళి మా ఇంటి పిల్ల మెడ మీదే కూర్చుంటుందని ఏనాడూ అనుకోలేదు. మళ్ళీ తెల్ల ధోతి కట్టుకుని కామారెడ్డి వెళ్ళాను. ఈసారి నేరుగా ప్రిన్సిపాల్ గదికి. నేను చెప్పిందంతా ఉత్తదేననీ, క్లాసు మొత్తంలో నిజం రాసింది ఒక్క మా పిల్లేననీ, మార్కులు వేయమనీ మొక్కాను. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడ్డారు. ఎదురుగా నేనూ అరుణ్‌కుమార్ సారూ ఇద్దరమే ఉన్నా సభలో మాట్లాడినట్టే మాట్లాడారు.

"పెద్దలు పర్శరాములు గారికి నమస్కారాలు. సత్యం అనేది మనిషిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. దాని మీద పండితులే ఒక మాటకు రాలేదు. గంట మాత్రం మారదు. అందుకే విద్యావ్యవస్థ గంటను పట్టుకుంది. మీ చేప ఉందా లేదా అనే వివాదంలోకి మా సంస్థ వెళ్ళదు. ముప్పై గంటలు జరిగాయా, జరిగాయి. మీరు చెప్పింది అబద్ధమని నేను రాసిస్తే ఈ పిల్లలు కూర్చున్న గంటలు రద్దవుతాయి. కూర్చున్న గంటను ఎవరు లేపగలరు? మీ మనుమరాలికి మళ్ళీ పరీక్ష పెడతాం. ప్రశ్న అదే. మీ మీద గౌరవంతో."

తర్వాత నాకు శాలువా కప్పారు. వద్దంటే వినలేదు.

నేను ఊరికి చేరేలోగానే కబురు చేరింది. మర్నాడు మా వాకిట్లో రెండు ఆటోలు ఆగాయి. తల్లిదండ్రులు దిగారు. ముందు నడిచింది మాచారెడ్డి బీరయ్య. చంకలో కోడి ఉంది.

"బాపూ, నీ నోట్లకెల్లి పుట్టిన చేప," అన్నాడు. "నువ్వే సంపుతనంటే ఎట్ల? మా పోరనికి హైదరాబాదుల కొలువు కుదిరింది. చేప ఉంటే కొలువుంటది."

"బీరయ్యా, అది అబద్ధమే."

"మాకెరుక లేదా? మా ఇంట్ల పసిపోరి గూడ నవ్వుతది. అబద్ధమైతే ఏంది, గంటలు నిజమే గదనే."

నా వయసంతా నేను అబద్ధం చెబితే ఊరు నవ్వింది, ఒక్కడూ నమ్మలేదు. తీరా నిజం చెబుదామని నోరు తెరిస్తే వద్దని దండం పెడుతున్నారు, కోడితో సహా. కోడి మంచిది. బరువుగా ఉంది. పుచ్చుకోలేదని రాస్తే మీరు నమ్మరు కనుక రాయడం లేదు.

సింధూజ గడప మీద నిలబడి అంతా వింది. ఆటోలు వెళ్ళిపోయాక లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. చిన్నప్పుడు నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టిన చోటే. చేతిలో కట్టె లేదు.

"తాతా, చేప పొడుగెంత?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఎన్నడూ ఆగని నా నోరు ఆగింది. మూరల లెక్క నాలుక చివరనే ఉంది. బయటికి రాలేదు.

"ఒద్దు బిడ్డా," అన్నాను. "వచ్చే ఏడు పోదువు బీఎడ్‌కు."

"ఏడాది పోతది తాతా. ఎంత పొడుగో చెప్పు."

నేను చెప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న భూమక్క అటు తిరిగే చెప్పింది. తోక ఎక్కడుందో, కళ్ళు ఎలా వెలిగాయో, పొలుసులు ఎన్ని బళ్ళకెక్కించారో, నేను ఒకసారి ఒకలా మరోసారి ఇంకోలా చెప్పిన చోట్ల ఏది బాగుంటుందో అది ఎంచి వరసగా చెప్పింది. పిల్ల తలూపుతూ విన్నది. అర్థం కానిచోట మళ్ళీ అడిగింది. చదువుకునేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటుందో అంత శ్రద్ధగానూ ఉంది. నేను కోడికి నీళ్ళు పెట్టే మిషతో లేచి బయటికి వచ్చాను.

పరీక్షలో సింధూజకు ఆ కోర్సు మొత్తంలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నేను చెప్పని సంగతులు కూడా రాసిందట. చేప ఒత్తిగిలినప్పుడు వచ్చిన చప్పుడుకు దోమకొండలో ఇండ్ల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయని రాసింది. సొంత ఆలోచన ఉన్న విద్యార్థిని అని అరుణ్‌కుమార్ సారు మెచ్చుకున్నాడు. రెండు క్రెడిట్లు పడ్డాయి. డిగ్రీ వచ్చింది. బీఎడ్‌లో సీటు వచ్చింది. ఇప్పుడు చదువులో భాగంగా ఒక బడికి వెళ్ళి పిల్లలకు పాఠాలు కూడా చెబుతున్నది. చాలా బాగా చెబుతుందనీ, ఎవరి తప్పునూ ఎత్తి చూపదనీ, గంట కొట్టేదాకా తరగతి కదలదనీ అక్కడి హెడ్మాస్టరు సంతోషించాడు. ఇంట్లో నేను ఎక్కం తప్పు చెప్పినా ఇప్పుడు నవ్వి ఊరుకుంటుంది.

ఇక్కడికి ఈ కథ సుఖాంతం. పిల్లకు క్రెడిట్లు వస్తాయో రావోనని మీరు ఆత్రంగా చదివారు. వచ్చాయనగానే హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నేను చూశాను. కానీ ఇంతసేపట్లో ఒక్కరైనా, ఆ ముప్పై గంటల్లో పిల్ల ఏం నేర్చుకుందని అడగలేదు.

అడగకండి. నేర్పింది నేనే.